నాన్నగారు ఒక్కరే కదా: ఇంగ్లీషు వాక్యములో బహువచనము

వాక్యము అనగానే మనకు లేఖన వాక్యమే జ్ఞాపకము వస్తుంది. ఈసారి బడిలో టీచరు నల్లబల్ల మీద వ్రాసే ఇంగ్లీషు వాక్యమును గూర్చి మాట్లాడుకుందాము. కంగారు పడకండి, చివరకు లేఖనము దగ్గరకే వస్తాము.

ఆమదాలవలసలోను చుట్టుప్రక్కల పల్లెలలోను మన పిల్లలు ఈనాడు చిన్న తరగతుల నుండే ఇంగ్లీషులో చదువుతున్నారు. తల్లిదండ్రులలో చాలామంది తెలుగు బడిలో చదివినవారే గనుక ఇంట్లో దిద్దేవారు ఉండరు. పాప నోటుపుస్తకములో "మై ఫాదర్ ఆర్ ఎ ఫార్మర్" అని వ్రాస్తుంది. ఎర్ర సిరాతో కొట్టివేత పడుతుంది. తప్పు తప్పే. కాని అది బద్ధకము వలన వచ్చిన తప్పు కాదు, మర్యాద వలన వచ్చినది. "నాన్నగారు వచ్చారు" అని మనమే నేర్పాము. ఆ "రు"ను పాప ఇంగ్లీషులోకి తీసుకువెళ్ళింది. ఈ సంగతి ఎవరూ చెప్పకుండా కొట్టివేత మాత్రమే చూపిస్తే, ఆ పిల్ల తనకు ఇంగ్లీషు రాదనుకొని నోరు మూసుకుంటుంది. పదేళ్ళ తరువాత ఇంటర్వ్యూ గదిలో కూడా ఆ నోరు తెరుచుకోదు.

ఇంగ్లీషు క్రియ మర్యాదను చూడదు, తలలను లెక్కపెడుతుంది. నాన్నగారు ఒక్కరే గనుక "మై ఫాదర్ ఈజ్." కలెక్టరుగారైనా "ఈజ్" మాత్రమే. "ఏకవచనములో అంటే అమర్యాద కాదా?" అని పిల్లలు అడుగుతారు. ప్రియులారా, మనము ప్రార్థనలో దేవునితో ఏమంటున్నాము? "ప్రభువా, నీవు గొప్పవాడవు" అంటున్నాము. పాస్టరుగారిని "మీరు" అనే మనము దేవుని "నీవు" అంటున్నాము. అక్కడ ఏకవచనము అగౌరవము కానట్లే, ఇంగ్లీషులో నాన్నగారికి "ఈజ్" అగౌరవము కాదు.

ఇంగ్లీషు దొరలకు ఈ కష్టమే తిరగబడి వచ్చింది. 1805లో లండన్ మిషను వారైన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నము చేరి తెలుగు నేర్చుకొనుటకు కూర్చున్నారు. వచ్చిన మనిషి ఒక్కడే అయినా "వచ్చారు" అనాలని అటువంటి వారు నేర్చుకోవలసి వచ్చేది. మచిలీపట్నములో పనిచేసిన మిషనరీ ఆర్డెన్ 1873లో ప్రచురించిన తెలుగు వ్యాకరణము ఇటువంటి విద్యార్థుల కొరకే. మన పిల్లలు దాటవలసిన కాలువనే వారు అవతలి గట్టు నుండి దాటారు.

మన క్రియ చాలా బరువు మోస్తుంది. వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి: ఎవరు వచ్చారో క్రియే చెప్పేస్తుంది. ఆమె వచ్చినా ఆవు వచ్చినా "వచ్చింది" అంటాము, ఇద్దరు స్త్రీలు వస్తే "వచ్చారు", రెండు ఆవులు వస్తే "వచ్చాయి" అంటాము. ఇంగ్లీషులో వీరందరికీ "కేమ్" ఒక్కటే. అందుచేత భూతకాలములో భయమే లేదు, "వాజ్", "వర్" తప్ప.

చిక్కంతా వర్తమాన కాలములోనే. మన ఊరి స్టేషనును ఉదాహరణగా తీసుకోండి. శ్రీకాకుళం రోడ్ స్టేషనుకు ఒక రైలు వస్తే "ది ట్రైన్ కమ్స్." రెండు రైళ్ళు వస్తే "ది ట్రైన్స్ కమ్." మొదటి వాక్యములో "ఎస్" క్రియ దగ్గర ఉన్నది, రెండవ దానిలో నామము దగ్గరకు పోయింది. మన "లు" బహువచనానికి గుర్తు గనుక, కర్త బహువచనమైతే క్రియకు కూడా "ఎస్" తగిలించాలని పిల్లలు అనుకుంటారు. అయితే క్రియ చివరి "ఎస్" ఏకవచనానికి గుర్తు. పిల్లలకు ఇలా చెప్పండి: ఇంట్లో గొడుగు ఒక్కటే, నామము పట్టుకొనిపోతే క్రియకు మిగలదు. "ఐ", "యూ" అనే మాటలకు మాత్రం ఈ లెక్క వర్తించదు, వాటికి ఎప్పుడూ "కమ్" అంతే. "పీపుల్", "చిల్డ్రన్" వంటివి "ఎస్" లేకుండానే బహువచనములు.

ఇక విశేషణము. "మంచి పిల్లవాడు, మంచి పిల్లలు" అంటాము, "మంచి" మారదు. ఇంగ్లీషులోనూ "గుడ్ బాయ్, గుడ్ బాయ్స్." ఇంతవరకు రెండు భాషలూ అన్నదమ్ములు. కాని విశేషణము వాక్యము చివరకు వస్తే మనము "వారు మంచివారు, మేము మంచివాళ్ళము" అని దానికి బహువచనము తొడుగుతాము. పైగా అక్కడ క్రియ అక్కరలేదు. అందువలన పిల్లలు "దే గుడ్" అని క్రియను విడిచిపెడతారు, లేదా "దే ఆర్ గుడ్స్" అని వ్రాస్తారు. "గుడ్స్" అంటే సరుకులు! "దే ఆర్ గుడ్" చాలును. అలాగే బీదలు అనుటకు "పూర్స్" అనకూడదు. "ది పూర్" అనాలి, క్రియ మాత్రం "ఆర్."

మనము "పదేళ్ళ బాలుడు" అని బహువచనము వాడే చోట ఇంగ్లీషు "టెన్ ఇయర్ ఓల్డ్ బాయ్" అంటుంది. సంఖ్య పదే అయినా ఆ మాటల గుంపు విశేషణముగా మారింది గనుక "ఇయర్"కు "ఎస్" లేదు. "ది బాయ్ ఈజ్ టెన్ ఇయర్స్ ఓల్డ్" అంటే మాత్రం ఉంటుంది. "నా అన్నలలో ఒకడు" అనుటకు చదువుకున్నవారు కూడా "వన్ ఆఫ్ మై బ్రదర్" అంటూ ఉంటారు. మన తెలుగులో "అన్నలలో" అని బహువచనము ఉన్నది కదా, దానినే నమ్మండి: "వన్ ఆఫ్ మై బ్రదర్స్ ఈజ్." క్రియ ఆ ఒక్కనిది.

చురుకైన పిల్లవాడొకడు కింగ్ జేమ్స్ బైబిలు తెచ్చి రోమా 6:23 చూపించవచ్చును. అక్కడ "వేజెస్" అనే మాటకు క్రియ "ఈజ్" అని ఉన్నది. తప్పు కాదు. 1611 నాటి ఇంగ్లీషులో "వేజెస్"ను ఏకవచనముగా కూడా వాడేవారు. గ్రీకు మూలములో ఆ మాట బహువచనమే గాని అక్కడ క్రియ లేదు. మన తెలుగు బైబిలులో "జీతము" ఏకవచనము, క్రియ అసలే లేదు.

ఇక "యూ" సంగతి. ఒక్కరిని పిలిచినా "యూ ఆర్" అంటారు, "యూ ఈజ్" అనరు. పూర్వము ఇంగ్లీషుకు ఏకవచనములో "దౌ", బహువచనములో "యీ, యూ" వేరువేరుగా ఉండేవి. పెద్దవారిని గౌరవించుటకు బహువచనము వాడి, వాడి, చివరకు "యూ" ఒక్కటే మిగిలింది, దానితో బహువచన క్రియ "ఆర్" కూడా ఉండిపోయింది. చూచారా, మన "మీరు" వంటిదే! తలలు లెక్కపెట్టే ఇంగ్లీషు మర్యాదకు లొంగిన చోటు ఇది.

దీనివలన ఇంగ్లీషుకు ఒక నష్టము కలిగింది. లూకా 22:31, 32లో ప్రభువు సీమోనుతో మాట్లాడుచున్నాడు. సాతాను కోరినది ఎవరిని? గ్రీకులో అక్కడ బహువచనము, అంటే శిష్యులందరిని. తరువాతి వచనములో ప్రభువు ప్రార్థించినది ఎవరి కొరకు? అక్కడ ఏకవచనము, సీమోను ఒక్కని కొరకు. నేటి ఇంగ్లీషులో రెండూ "యూ" గనుక చదివేవానికి ఈ తేడా అందదు. కొన్ని ఇంగ్లీషు బైబిళ్ళలో ఇందుకే అడుగున చిన్న అక్షరాలలో గమనిక వేస్తారు. యోహాను 3:7లో నీకొదేముతో పలికిన మాటలలో కూడా ఒక "యూ" ఒక్కనికి, మరొకటి అనేకులకు.

ఇంగ్లీషు బైబిలు చదివే మీ అబ్బాయిని లేక అమ్మాయిని ప్రక్కన కూర్చోబెట్టుకొని ఈ రెండు భాగములు తెలుగులో తెరవండి. "మిమ్మును" ఎక్కడ ఉన్నదో, "నీ" ఎక్కడ మొదలైనదో వేలు పెట్టి చూపించండి. ఇంగ్లీషు ప్రతిలో ఆ "యూ"ల ప్రక్కన పెన్సిలుతో "మీరు" అనో "నీవు" అనో వ్రాయించండి. ఈ పాఠము చెప్పుటకు ఇంగ్లీషు వచ్చి ఉండనక్కరలేదు.