పల్లెకు కరెంటు తెచ్చిన సెనేటర్

అమెరికా చట్టసభలో ఆసాములు, కంపెనీల వకీళ్ళే కాదు, కూలి పని చేసినవాడూ ఒకడు కూర్చున్నాడు. పేరు జార్జ్ నోరిస్. ఊరు నెబ్రాస్కా రాష్ట్రంలోని మెకూక్. 1903 నుంచి పదేళ్ళు ప్రతినిధుల సభలో, 1913 నుంచి 1943 దాకా సెనేట్‌లో ఉన్నాడు.

1861లో ఒహాయోలో రైతు ఇంట పుట్టాడు. ఊహ తెలిసీ తెలియని వయసులోనే తండ్రి పోయాడు. అంతర్యుద్ధం అన్నను మింగింది. తల్లి సేద్యం చేసి పిల్లల్ని సాకింది. నోరిస్ పరుల పొలాల్లో కూలికి వెళ్ళి, పంతులుగా చేసి, లా చదివి 1885లో నెబ్రాస్కా చేరాడు.

పార్టీ రిపబ్లికన్. అయితే పార్టీ చెప్పిందల్లా వినే రకం కాదు. స్పీకర్ కానన్ సభను గుప్పిట్లో పెట్టుకుంటే, 1910లో తీర్మానం తెచ్చి ఆ పెత్తనం విరిచాడు. 1917లో యుద్ధానికి ఓటెయ్యనన్న ఆరుగురు సెనేటర్లలో ఒకడు. డబ్బున్నోళ్ళ లాభానికే ఈ యుద్ధమని సభలోనే అన్నాడు. ద్రోహి అని తిట్టారు. వెనక్కి తగ్గలేదు.

ఆ రోజుల్లో యూనియన్‌లో చేరనని సంతకం పెడితేనే పని ఇచ్చేవాళ్ళు. సమ్మె చేస్తే యజమాని కోర్టుకెళ్ళి ఇంజంక్షన్ తెచ్చేవాడు. 1932లో నోరిస్, లా గార్డియా తెచ్చిన చట్టం ఆ సంతకాలు చెల్లవన్నది, కోర్టుల చేతులు కట్టింది.

ఇక కరెంటు సంగతి. టెన్నెసీ నది మీద ప్రభుత్వం కట్టిన డ్యాం ప్రైవేటు చేతుల్లోకి పోకుండా ఏళ్ళ తరబడి అడ్డుపడ్డాడు. ఆయన బిల్లును 1928లో కూలిడ్జ్, 1931లో హూవర్ తోసిపుచ్చారు. 1933లో రూజ్వెల్ట్ సంతకం పెట్టాడు. అదే టెన్నెసీ లోయ సంస్థ.

అప్పటికి అమెరికాలో పదిమంది రైతుల్లో ఒకరింట్లోనే కరెంటు ఉండేది. పల్లెకు తీగ లాగితే గిట్టదని కంపెనీలు తప్పుకున్నాయి. 1936లో నోరిస్, రేబర్న్ తెచ్చిన చట్టంతో రైతుల సహకార సంఘాలకు ప్రభుత్వం తక్కువ వడ్డీకి అప్పిచ్చింది. ఇరవై ఏళ్ళు తిరక్కుండానే దాదాపు ప్రతి రైతు ఇంటా దీపం వెలిగింది. మన సిరిసిల్లలో 1970లో ఏర్పడిన విద్యుత్ సహకార సంఘం ఆ బాటలో పుట్టిందే.

అంతా బాగుందా అంటే, లేదు. నోరిస్ పేరు పెట్టిన డ్యాం కిందే వేల కుటుంబాలు ఊళ్ళు వదిలాయి. భూమి ఉన్నవాడికి పరిహారం దొరికింది, కౌలుదారుకు భూమి పరిహారం లేదు. 1935లో కార్మికులకు సంఘం పెట్టుకునే హక్కిచ్చిన జాతీయ చట్టం వ్యవసాయ కూలీని బయటే నిలబెట్టింది. నేటికీ ఆ చట్టంలో అతనికి చోటు లేదు. కాలిఫోర్నియా కూలీలు ఏళ్ళ తరబడి సమ్మెలు చేసి, 1975లో తమ రాష్ట్రం వరకు ఆ హక్కు సాధించుకున్నారు.

1942లో నోరిస్ ఓడిపోయాడు, 1944లో కన్నుమూశాడు. లోపల అలాంటి మనిషి ఉంటే రైతు ఇంటికి దీపం వచ్చింది. కూలీకి హక్కు మాత్రం బయట సంఘం కట్టి అడిగితేనే వచ్చింది.