గుండె వాల్వ్ లీకేజీని ఎలా గుర్తించాలి? ఏ పరీక్షతో తెలుస్తుంది?

ఈరోజు గుండె వాల్వ్ లీకేజీ గురించి మాట్లాడుకుందాం.

గుండెలో నాలుగు వాల్వులు ఉంటాయి. ఇవి ఒకవైపే తెరుచుకునే తలుపుల్లాంటివి. తలుపు సరిగ్గా మూసుకోకపోతే కొంత రక్తం వెనక్కి వచ్చేస్తుంది. అదే లీకేజీ. ఈరోజు ముఖ్యంగా గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వ్ గురించి చెప్పుకుందాం.

కారణాలేంటి? చిన్నప్పుడు గొంతునొప్పి తర్వాత వచ్చే రుమాటిక్ ఫీవర్ మన దేశంలో ఇప్పటికీ ఒక ముఖ్య కారణం. వాల్వ్ రెక్కలు సాగిపోవడం, హార్ట్ ఎటాక్ తర్వాత గుండె పెద్దదవడం, వాల్వ్‌కి ఇన్ఫెక్షన్ రావడం మిగతా కారణాలు.

లక్షణాలు చూద్దాం. నడిస్తే ఆయాసం, తొందరగా అలసిపోవడం, గుండెదడ, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం, కాళ్ల వాపు. అయితే లీకేజీ మెల్లగా పెరిగినప్పుడు, మనకి తెలియకుండానే పనులు తగ్గించేసుకుంటాం. "నాకేం లేదండీ" అంటారు. ఇంట్లోవాళ్లని అడిగితే "మేడ ఎక్కడం మానేశారు కదా" అంటారు. అందుకే ఒక్క ప్రశ్న వేసుకోండి: పోయిన సంక్రాంతికి తేలిగ్గా చేసిన పని ఇప్పుడూ అంతే తేలిగ్గా చేయగలుగుతున్నానా?

ఇక పరీక్షలు. స్టెతస్కోప్ పెడితే 'లబ్ డబ్' మధ్యలో 'హుస్స్' మని శబ్దం వినిపించవచ్చు. దాన్ని మర్మర్ అంటాం. ఈసీజీ నార్మల్‌గా ఉన్నా లీకేజీ ఉండొచ్చు. ఖచ్చితంగా చెప్పేది ఎకో. ఇందులో సూది లేదు, నొప్పి లేదు, రేడియేషన్ లేదు. రక్తం వెనక్కి రావడం రంగుల్లో కనిపిస్తుంది. స్పష్టంగా లేకపోతే అన్నవాహిక ద్వారా ట్యూబ్ పంపి ఎకో చేస్తాం.

రిపోర్టులో 'ట్రివియల్', 'మైల్డ్' అని ఉంటే కంగారు పడకండి. ఆరోగ్యవంతుల్లో కూడా కొద్దిపాటి లీకేజీ కనిపిస్తుంది. 'సివియర్' అని ఉంటే మాత్రం, ఆయాసం లేకపోయినా వాయిదా వేయకండి. కొంత రక్తం తేలిగ్గా వెనక్కి పోతుంది కాబట్టి పంపింగ్ ఉన్నదానికంటే బాగున్నట్టు కనిపిస్తుంది. మామూలుగా 60 శాతం అంటే మంచిదే. కానీ వాల్వ్ లోపం వల్లే లీకేజీ సివియర్‌గా ఉన్నవాళ్లలో 60కి దిగిందంటే గుండె కండరం దెబ్బతింటోందని హెచ్చరిక. ఆ దశ రాకముందే వాల్వ్ రిపేర్ గురించి డాక్టర్‌తో మాట్లాడాలి.

ఉన్నట్టుండి తీవ్రమైన ఆయాసం వస్తే మాత్రం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. పాత ఎకో రిపోర్టులు పారేయకండి, పక్కపక్కన పెట్టి చూస్తేనే మార్పు తెలుస్తుంది.