కూలి బిడ్డకు ఏ గ్రూపు?

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే జుక్కల్ పల్లెల్లో ఒకటే ముచ్చట. "ఏ గ్రూపు తీసుకుంటవ్ బిడ్డా?" అడగడం తేలికే. ఎంచుకునే వీలు ఎవరికుందన్నదే అసలు ప్రశ్న.

ఇది మూడు రాష్ట్రాలు కలిసేచోటు. ఇంట్లో మరాఠీయో కన్నడమో మాట్లాడి, బడిలో తెలుగు చదివే పిల్లలు ఇక్కడ ఉన్నారు. నిజాం ఏలుబడిలో పై చదువు ఉర్దూలో సాగింది. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూలోనే చెప్పింది. ఆనాడు ఏ సబ్జెక్టు అన్న మాట కూలోళ్ల గుడిసె దాకా రానేలేదు.

1952లో కేంద్రం మొదలియార్ కమిషన్‌ను వేసింది. బహుళార్థ పాఠశాలలు పెట్టి ఏడు గ్రూపులు ఉంచాలని ఆ కమిషన్ సూచించింది. వాటిలో సైన్సు, వాణిజ్యం పక్కనే వ్యవసాయమూ ఉంది. పల్లె బడుల్లో వ్యవసాయ విద్యకు ప్రత్యేక వసతులు ఉండాలని కూడా చెప్పింది. కాని వ్యవసాయం నేర్పాలంటే బడికి పొలం కావాలి, పశువులు కావాలి, తెలిసిన మాస్టరు కావాలి. అంత ఖర్చుకు పాలకులు సిద్ధపడలేదు.

1964లో వేసిన కొఠారి కమిషన్ పదో తరగతి దాకా అందరికీ ఒకే చదువు ఉండాలని, గ్రూపులు ఆ తర్వాతనే అని చెప్పింది. మన రాష్ట్రంలో 1971లో ఇంటర్మీడియట్ బోర్డు ఏర్పడింది. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ ఇంటింటి మాటలయ్యాయి. 2008 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంటుతో ఇంజనీరింగు మోజు పల్లెలకూ పాకింది.

గ్రూపుల పేర్లు మారాయి, మోజు మారింది. మారనిది ఒకటే. డబ్బున్న ఇంటి పిల్లవాడు గ్రూపును బట్టి కాలేజీని వెతుక్కుంటాడు. కూలి బిడ్డ దగ్గర్లో ఉన్న కాలేజీని బట్టి గ్రూపు తీసుకుంటుంది. లెక్కల మాస్టరు లేకపోతే ఎంపీసీ లేనట్టే. ల్యాబు లేకపోతే బైపీసీ కాగితం మీది చదువే. బస్సు లేకపోతే ఏ గ్రూపూ లేదు. పత్తి ఏరే రోజుల్లో అమ్మతోపాటు చేనుకు పోయే పిల్లకు హాజరే పెద్ద పరీక్ష.

సీఈసీ, హెచ్ఈసీ తక్కువ చదువులని మేము అనడం లేదు. వకీలు కావచ్చు, పంతులు కావచ్చు, సర్కారు కొలువుల పరీక్షలు రాయవచ్చు. కాని ఆ దారిలో డాక్టరు, ఇంజనీరు చదువుల తలుపులు మూసుకుంటాయి. ఆ సంగతి ముందే తెలిసి ఎంచుకోవడం వేరు, వేరే దారి లేక చేరడం వేరు.

సోయా, కంది, పెసర పండించే నల్లరేగడి ఇది. ఇక్కడి పిల్లలకు వ్యవసాయ చదువు దూరం కావడం ఎంత విడ్డూరం! పదో తరగతి పాసైనవారు పాలిసెట్ రాసి, జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నడిపే రెండేళ్ల డిప్లొమాలో చేరవచ్చు. బైపీసీ చదివినవారికి వ్యవసాయ డిగ్రీ దారి ఉంది. ఈ మాట ప్రతి కూలి ఇంటికీ చేరాలి. చేరవేసే పని కార్యకర్తలది.

కూలి రేటు కోసం కొట్లాడే మనం కాలేజీలో మాస్టర్లు, ల్యాబు, హాస్టలు, బస్సు కూడా మన డిమాండ్ల పత్రంలో రాయాలి. అవి వచ్చిననాడే "ఏ గ్రూపు బిడ్డా?" అన్న ప్రశ్నకు మన పిల్లలు సొంతంగా జవాబు చెప్పగలుగుతారు.