ఇసుక తొట్టి చెప్పే కబురు

1994 సెప్టెంబరులో ప్లేగు భయం సూరత్ నగరాన్ని కుదిపివేసినది. దొరికిన రైలు, దొరికిన బస్సు పట్టుకొని లక్షలాది ప్రజలు ఊరు విడిచి వెళ్ళారు. మరుసటి సంవత్సరం నగరపాలక కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు గారి హయాములో, చెత్తను ఏ రోజుకు ఆ రోజు తొలగించడం, తొలగించారో లేదో అధికారులు స్వయంగా వెళ్ళి చూడడం అనే రెండు సాధారణమైన నియమాలతో ఆ నగరం రూపమే మారిపోయినది. మాలిన్యాన్ని చూసి ముఖం తిప్పుకొన్నచోట రోగం దాగి పెరుగుతుంది. ప్రతిదినం పరిశీలించినచోట తొలి దశలోనే పట్టుబడుతుంది. ఇది నగరానికి ఎంత సత్యమో, ఇంట్లో మనం పెంచుకొనే పిల్లికి కూడా అంతే సత్యం.

రాజమండ్రి, నరసాపురం వంటి ప్రాంతాల నుండి బదిలీపై హజీరా వైపు వచ్చిన మన తెలుగు కుటుంబాలలో పిల్లులను పెంచేవారు లేకపోలేదు. స్వగ్రామంలో పిల్లికి పెరడు ఉండేది. అది ఎక్కడ మట్టి గీరుకొన్నదో, ఎలా కప్పెట్టినదో చూడవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. మూడవ అంతస్తులోని క్వార్టర్సులో పెరడు లేదు కనుక ఇసుక తొట్టి అవసరమైనది. దానితోపాటే ఒక ఫిర్యాదు కూడా మొదలైనది: "తొట్టి పెట్టినా పిల్లి పరుపు మీద పాడు చేస్తున్నది. మా మీద కక్ష కట్టినది." ఈ ఫిర్యాదు ముదిరితే పిల్లిని గోనెసంచిలో పెట్టి ఏ మార్కెట్ వద్దనో వదిలివేయడం జరుగుతుంది. పిల్లికి కక్ష అనేది తెలియదు. తొట్టిని విడిచిన పిల్లి రెండింటిలో ఒక మాట చెబుతున్నది: తొట్టి బాగాలేదు, లేదా తన ఒళ్ళు బాగాలేదు. ఆ మాటను ఎలా చదవాలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తొట్టి నిర్మాణ శాస్త్రం

మన ఇంటి పిల్లికి మూలపురుషుడు ఆఫ్రికా, పశ్చిమాసియా పొడి నేలలలో తిరిగిన అడవిపిల్లి. మెత్తని మట్టిని గీరి, పని ముగించి, తిరిగి కప్పివేయడం దానికి వంశపారంపర్యంగా వచ్చిన అలవాటు. అందుచేత పిల్లికి తొట్టి వాడకాన్ని నేర్పవలసిన పని దాదాపు ఉండదు. అనువైన తొట్టిని సమకూర్చడమే మన వంతు.

పూర్వం విదేశాలలో కూడా పిల్లుల కోసం బూడిదనో, ఇసుకనో వాడేవారు. 1947లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి చెందిన ఎడ్వర్డ్ లో అనే వ్యాపారి, బూడిదతో విసిగిన పొరుగింటామెకు తేమను పీల్చే ఒక రకం బంకమన్నును ఇచ్చాడు. ఒక పెద్ద పరిశ్రమకు అదే నాంది. 1980ల తరువాత తడి తగిలినచోట గడ్డకట్టే బెంటొనైట్ వాడుకలోకి వచ్చినది. డ్రిల్లింగ్ రిగ్గులపై పనిచేసినవారికి ఈ పేరు కొత్త కాదు. బావి తవ్వేటప్పుడు రాతి తునకలను పైకి మోసుకొని వచ్చే మడ్డిలో కలిపేది ఈ మట్టినే. పొరలు పొరలుగా ఉండే దాని కణాలు నీటిని పీల్చుకొని అనేక రెట్లు ఉబ్బుతాయి. మన గుజరాత్‌లోని కచ్ జిల్లా ఈ ఖనిజానికి ప్రసిద్ధి. అక్కడి మట్టితో తయారైన పిల్లి ఇసుక విదేశాలకు కూడా ఎగుమతి అవుతున్నది.

తొట్టి విషయంలో పాటించవలసిన కొలతలు ఇవి. పొడవు పిల్లి దేహానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఇసుక రెండు, మూడు అంగుళాల లోతు ఉంటే చాలును. తొట్ల సంఖ్య పిల్లుల సంఖ్య కంటె ఒకటి అధికంగా ఉండడం మంచిది. అన్నం గిన్నె పక్కన గాని, గడగడలాడే వాషింగ్ మెషిన్ దాపున గాని తొట్టిని ఉంచరాదు. తినేచోట విసర్జించడం పిల్లికి సరిపడదు, మోతకు అది బెదరుతుంది.

గడ్డలను రోజుకు రెండు పర్యాయాలు తీసివేయాలి. వారానికొకసారి తొట్టిని సబ్బునీటితో కడిగి ఎండబెట్టాలి. మన ఇళ్ళలో అలవాటుగా వాడే ఫినాయిలును మాత్రం దరిచేరనీయరాదు. ఆ జాతి రసాయనాలను విరిచివేసే శక్తి పిల్లి కాలేయానికి బహు స్వల్పం. పాదాలకంటినది నాకుకొంటే అది విషమే. మరొక్క మాట: గడ్డకట్టిన ఇసుకను టాయిలెట్‌లో పోయకండి. బెంటొనైట్ ఉబ్బడం తెలిసిన మనవారి ఇళ్ళలోనే పైపులు పూడుకొనిపోతే ప్లంబరు నవ్వుతాడు. కాగితంలో పొట్లం కట్టి చెత్తబుట్టలో వేయడమే సరియైన పద్ధతి.

బదిలీపై ఇల్లు మారినప్పుడు పాత తొట్టిలోని ఇసుకను కొద్దిగా వెంట తీసుకొనివెళ్ళి కొత్త తొట్టిలో కలపండి. మొదటి కొన్ని దినాలు పిల్లిని ఒకే గదిలో ఉంచండి. పరిచితమైన వాసన దానికి కొత్త ఇంటిని త్వరగా సొంతం చేస్తుంది.

ప్రతిదినం చూడవలసిన లాగ్ బుక్

ప్లాంటులో షిఫ్టు మారేటప్పుడు పీడనం, ఉష్ణోగ్రత, ప్రవాహం లాగ్ బుక్‌లో వ్రాసి అప్పగిస్తాము. ఒక్కనాటి అంకె కంటె, నిన్నటి అంకెతో దానికి గల తేడా ముఖ్యం. తొట్టిని శుభ్రం చేయడం కూడా ఇటువంటి రీడింగే. ఆరోగ్యవంతమైన పిల్లి సాధారణంగా రోజుకొకసారి, గోధుమ వర్ణంలో, ఆకారం చెడని మలాన్ని విసర్జిస్తుంది. మూత్రపు గడ్డలు రోజుకు రెండు నుండి నాలుగు వరకు దాదాపు ఒకే పరిమాణంలో ఉంటాయి.

గడ్డలు హఠాత్తుగా పెద్దవైతే మూత్రపిండాల వ్యాధి, మధుమేహం వంటివి అనుమానించాలి. మలం తారువలె నల్లగా ఉంటే పైభాగపు జీర్ణకోశంలో రక్తస్రావం జరుగుతూ ఉండవచ్చును. రెండు దినాలు మలమే కనిపించకపోతే వైద్యునికి చూపించాలి. పిల్లి తన బాధను దాచుకొనే జంతువు. మనకు అది బయటపెట్టే మొదటి సాక్ష్యం తరచు తొట్టిలోనే దొరుకుతుంది.

కడుపు చెడడానికి కారణాలు

పాలు చూసి పారిపోయిన తెనాలి రామకృష్ణుని పిల్లి కథ మన పిల్లలందరికీ తెలుసు. రాయలవారు ఆశ్చర్యపోయినా, పశువైద్యులు మాత్రం ఆ పిల్లిని మెచ్చుకొంటారు. పాలలోని చక్కెరను జీర్ణం చేసే రసం పిల్లి ఎదిగేకొద్దీ తగ్గిపోతుంది. జీర్ణం కాని చక్కెర పేగులలో పులిసి, నీటిని లాగి, విరేచనాలు కలిగిస్తుంది. చాల ఇళ్ళలో "పిల్లికి కడుపు ఆగడం లేదు" అన్న ఫిర్యాదు పాలగిన్నెను తీసివేయగానే తగ్గుముఖం పడుతుంది.

మన పెరుగన్నం, ఇరుగుపొరుగువారు ప్రేమతో పెట్టే రోట్లా పిల్లికి కడుపు నింపుతాయే గాని పోషణ నివ్వవు. పిల్లి ప్రకృతిసిద్ధంగా మాంసాహారి. టౌరిన్ అనే పదార్థం దానికి ఆహారం ద్వారానే అందాలి. శాకాహారంలో అది లేదు. టౌరిన్ కొరవడితే కంటిచూపు దెబ్బతింటుంది. గుండె కండరాలు బలహీనమవుతాయని 1987లో అమెరికా పరిశోధకులు నిరూపించారు. ఇంట్లో మాంసం వండనివారు టౌరిన్ కలిపి తయారుచేసిన పిల్లి ఆహారాన్ని కొనిపెట్టవచ్చును. ఆహారం మార్చేటప్పుడు ఒక్కసారిగా మార్చక, వారం, పది దినాలలో కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చాలి. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరలు పెట్టరాదు. అవి పిల్లి ఎర్రరక్తకణాలను నాశనం చేస్తాయి.

కడుపులోని పురుగులు మరొక ముఖ్య కారణం. మందును పిల్లి బరువును బట్టి వైద్యుడే నిర్ణయించాలి. టీకాలు వేయని పసికూనకు వాంతులు, విరేచనాలు పట్టుకొంటే ఆలస్యం చేయరాదు. దాని చిన్న దేహంలోని నీరు గంటలలోనే తరిగిపోతుంది.

సూరత్‌లో ప్రత్యేకంగా జాగ్రత్త వహించవలసినది దారం విషయంలో. జరీకి, వస్త్రాలకు పేరుపొందిన ఈ ఊరిలో దారపు ముక్క లేని ఇల్లు అరుదు. జనవరిలో ఉత్తరాయణ్ పండుగ వచ్చినదంటే డాబాలన్నిటా గాలిపటాల మాంజాయే. పిల్లి నాలుకపై ముళ్ళు లోపలి వైపుకు వంగి ఉంటాయి కనుక నోటబడిన దారాన్ని ఉమ్మివేయడం దానికి కష్టం. మింగిన దారం ఒక కొన ఎక్కడో చిక్కుకొంటే, పేగు ఆ దారం మీద కుచ్చెళ్ళుగా ముడుచుకొంటుంది, కోసుకొనిపోతుంది కూడా. నోటి నుండి గాని, వెనుక నుండి గాని దారం కొన వేలాడుతూ కనిపిస్తే లాగకండి. వెంటనే వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళండి.

ఒక్క గంట కూడా ఆగరాని స్థితి

మగపిల్లి మాటిమాటికి తొట్టిలోకి వెళ్ళి ముక్కుతున్నది, అరుస్తున్నది, కాలుగాలిన పిల్లి అన్న సామెతకు నిదర్శనంగా ఇల్లంతా తిరుగుతున్నది. తొట్టిలో మాత్రం ఏమీ లేదు. ఇంట్లోవారు మలబద్ధకమనుకొని ఆముదం పట్టి, రేపు చూద్దామని పడుకొంటారు. ఇక్కడే ప్రాణం పోతుంది.

మగపిల్లి మూత్రమార్గం మిక్కిలి సన్ననిది. స్ఫటికాలు, జిగురు పదార్థం చేరి అది పూడుకొనిపోవచ్చును. అవుట్‌లెట్ వాల్వు మూసుకొనిపోయిన పాత్రలో ఏమవుతుందో మనకు వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడ సేఫ్టీ వాల్వు కూడా లేదు. ఒత్తిడి వెనుకకు తన్ని మూత్రపిండాలు పని మానుతాయి. రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగుతుంది. ఒకటి, రెండు దినాలలోనే మరణం సంభవించవచ్చును. సకాలంలో చేరితే వైద్యుడు సన్నని గొట్టం వేసి అడ్డు తొలగించి బ్రతికించగలడు. కావున మగపిల్లి ముక్కుతూ ఉండి తొట్టి పొడిగా ఉంటే, అది అర్ధరాత్రి అయినా వైద్యుని కోసం బయలుదేరండి.

నీరు తక్కువగా త్రాగడం ఈ బాధకు దోహదం చేస్తుంది. పొడినేలల సంతతి కనుక పిల్లికి దాహం తక్కువ. ఎండు ఆహారంలో తేమ పదవ వంతు మాత్రమే ఉంటుంది. వండిన మాంసంలోను, తడి ఆహారంలోను సగానికి మించి నీరే. రెండు, మూడు చోట్ల నీటి గిన్నెలు ఉంచి, ఆహారంలో కొంత తడి చేర్చడం తేలికైన నివారణ.

మన మందులు దానికి వద్దు

మన ఇంటి మందుల డబ్బాలోని ఏ బిళ్ళనూ పిల్లికి వేయరాదు. మనకు జ్వరం తగ్గించే పారాసిటమాల్ బిళ్ళ ఒక్కటి పిల్లిని చంపగలదు. విరేచనాలకు మనం వాడే మందులు సైతం వైద్యుని అనుమతి లేనిదే కూడదు. పిల్లి రెండు, మూడు దినాలు ఏమీ తినకపోతే దాని కాలేయంలో క్రొవ్వు పేరుకొని మరొక జబ్బు తలెత్తుతుంది. అందుచేత "లంకణం పరమౌషధం" అన్న మన సామెత పిల్లికి వర్తించదు.

ఇంట్లో గర్భిణీ స్త్రీ ఉంటే తొట్టి పనిని ఇతరులు చేయాలి. టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి కొన్ని పిల్లుల మలంలో ఉంటుంది. అది బయటపడిన తరువాత సోకే శక్తిని పొందడానికి ఒకటి నుండి అయిదు దినాలు పడుతుంది. దినదినం శుభ్రం చేసే ఇంట్లో భయం చాలవరకు తగ్గుతుంది. పిల్లిని వదిలివేయవలసిన పని లేదు, చేతులు కడుక్కొంటే చాలును.

సూరత్‌కు దక్షిణాన నవ్‌సారిలో పశువైద్య కళాశాల ఉన్నది. వీధిలో దిక్కులేని జంతువు బాధపడుతూ కనిపిస్తే గుజరాత్‌లో 1962 నంబరుకు ఫోను చేస్తే కరుణా అంబులెన్సు వస్తుంది. మీకు దగ్గరలోని వైద్యుని ఫోను నంబరును, రాత్రివేళ చూసే వైద్యశాల చిరునామాను ఇప్పుడే ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంచండి.

ఉదయం తొట్టి శుభ్రం చేసే పనిని ఇంట్లో ఎవరో ఒకరికి, వీలైతే ఎదిగిన పిల్లలకు, బాధ్యతగా అప్పగించండి. తీసి పారవేయడంతో సరిపెట్టక, నిన్నటికీ నేటికీ తేడా ఏమిటో సాయంత్రం భోజనాల వద్ద చెప్పమనండి. రెండు నిమిషాల ఆ పరిశీలన వల్ల ఏదో ఒకనాడు నోరులేని ఒక ప్రాణి గోనెసంచి పాలు కాకుండా వైద్యుని బల్లను చేరుతుంది.