పాపవినాశనం బస్సు దిగాక: తిరుమల కొండ మీది నీళ్ల లెక్క

తిరుమల కొండ మీద అయిదు ప్రధాన డ్యాములున్నాయి: పాపవినాశనం, గోగర్భం, ఆకాశగంగ, కుమారధార, పసుపుధార. అయిదూ నిండితే నిలిచే నీరు 14,304 లక్షల గ్యాలన్లు. దర్శనం ముగించుకుని పాపవినాశనం బస్సెక్కి, గోడలోంచి పడే ధార కింద తల తడుపుకుని, గంగమ్మకు దండం పెట్టుకుని వచ్చేసేవాళ్లలో చాలామంది ఆ గోడకు అవతల ఏముందో చూడరు. చూడాల్సింది అక్కడే ఉంది. కొండల మధ్య జలాశయం, దాన్నుంచి అడవిలోకి సాగే కాలిబాటలు, గుమ్మం దాకా తీసుకెళ్లే ఆర్టీసీ బస్సు, మూడూ ఒక్కచోట దొరికే ప్రదేశాలు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ లేవు.

ముందు ఆ గ్యాలన్ల సంగతి తేల్చుకుందాం. గ్యాలనంటే 4.546 లీటర్లు. ఆ లెక్కన అయిదు డ్యాముల నీరు 650 కోట్ల లీటర్లు. వినడానికి పెద్ద అంకే. కానీ ఒక టీఎంసీ అంటేనే 2,832 కోట్ల లీటర్లు. అంటే తిరుమల డ్యాములన్నీ కలిపినా 0.23 టీఎంసీ దాటవు. హైదరాబాద్ శివారు బడంగ్‌పేట్ వాళ్లకు దగ్గరి కొలత కావాలంటే ఉస్మాన్‌సాగర్, అంటే గండిపేట చెరువు ఉంది. 1920లో పూర్తయిన ఆ జలాశయం సామర్థ్యం 3.9 టీఎంసీలు. తిరుమల అయిదు డ్యాముల నీళ్లు 17 సార్లు పోస్తే గానీ ఒక్క గండిపేట నిండదు.

ఇంత తేడా ఎందుకంటే, కొండకు మైదానం లేదు. ఇబ్రహీంపట్నం చెరువులాంటి చోట పొడవాటి కట్ట వేస్తే నీళ్లు వెడల్పుగా పరుచుకుంటాయి. శేషాచలంలో లోయలు ఇరుకు. వాగు రెండు బండల మధ్య నుంచి దూరే చోట చిన్న గోడ కట్టి ఆపాలి. నీరు లోతుగా, సన్నగా, లోయ ఎటు మలుపు తిరిగితే అటు మలుపు తిరిగి నిలబడుతుంది. అందుకే చెరువు కట్ట మీద నడిచినట్టు ఈ జలాశయాల చుట్టూ ఒక రౌండు కొట్టి రావడం కుదరదు. నడక నీటి ఒడ్డున మొదలై వాగుల వెంట, లోయల్లోకి పోతుంది.

అయిదింటిలో పెద్దది పాపవినాశనమే, 5,240 లక్షల గ్యాలన్లు. దాని వెనక కుమారధార 4,258.98, గోగర్భం 2,833, పసుపుధార 1,287.51, ఆకాశగంగ 685. మొదటి రెండూ కలిపితే మొత్తం నిల్వలో మూడింట రెండు వంతులు. ఆకాశగంగ పేరు పెద్దది, నిల్వ 5 శాతం కన్నా తక్కువ.

ఎత్తులు చూస్తే ఇంకో కథ బయటపడుతుంది. కుమారధార, పసుపుధార రెండింటి పూర్తి నీటిమట్టం ఒకటే, 898.24 మీటర్లు. ఆకాశగంగది 865 మీటర్లు. గోగర్భాన్ని పాత పద్ధతిలో ఇప్పటికీ అడుగుల్లోనే రాస్తారు, 2,894 అడుగులు, అంటే 882 మీటర్లు. పాపవినాశనం మాత్రం 697.14 మీటర్లు. అన్నిటికన్నా ఎక్కువ నీళ్లున్న డ్యామే అన్నిటికన్నా పల్లంలో ఉంది. ఆ నీటిని గోగర్భం మట్టం దాకా ఎక్కించాలంటే 185 మీటర్లు తోడాలి. లక్ష గ్యాలన్లు అంత ఎత్తుకు చేర్చడానికి భౌతికశాస్త్రం అడిగే కనీస విద్యుత్తు 229 యూనిట్లు. మోటార్లలో, పైపుల్లో పోయేది కలుపుకుంటే 300 దాటుతుంది. కొండ మీద గదిలో కుళాయి తిప్పేటప్పుడు ఈ 185 మీటర్లు గుర్తుండాలి.

వాడకం ఎంతో 2024 ఆగస్టులో టీటీడీయే చెప్పింది. తిరుమలకు రోజుకు 43 లక్షల గ్యాలన్లు కావాలి. అందులో 18 లక్షలు కొండ మీది డ్యాముల నుంచి, మిగతాది కింద తిరుపతి దగ్గరి కల్యాణి డ్యాము నుంచి. ఆ సమయానికి అయిదు డ్యాముల్లో మిగిలినవి 5,800 లక్షల గ్యాలన్లు మాత్రమే. వాటితో 120 నుంచి 130 రోజులు గడుస్తాయని, భక్తులు, స్థానికులు పొదుపు పాటించాలని దేవస్థానం కోరింది. బ్రహ్మోత్సవాలు దగ్గర పడుతున్న రోజులవి. 43 లక్షల గ్యాలన్లంటే 1.95 కోట్ల లీటర్లు. రోజుకు 70 వేల మంది వస్తారనుకుంటే తలకు దాదాపు 280 లీటర్లు. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది మన దేశంలో పాటించే ప్రమాణం. నిజమే, ఆ 280లో అన్నప్రసాదం వంటశాలలు, కల్యాణకట్ట, తోటలు, కొండ మీద కాపురముండేవాళ్లు, అందరి వాటా ఉంది. అయినా ఒక పూటకో రెండు పూటలకో వచ్చిపోయే ఊరికి ఇది చాలా ఎక్కువన్నదే నా అభిప్రాయం.

ఇక నడక. డ్యాము దాటి అడవిలోకి ఎప్పుడు పడితే అప్పుడు వెళ్లనివ్వరు. ఇది శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు. చుట్టూ ఉన్న శేషాచలం కొండల్ని 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. ఎర్రచందనం పుట్టినిల్లు, చిరుతలు తిరిగే చోటు. 2023 ఆగస్టులో అలిపిరి కాలిబాటలో ఆరేళ్ల పాపను చిరుత పొట్టనబెట్టుకుంది. మెట్లదారిలో చిన్నపిల్లల నడకకు వేళల ఆంక్షలు ఆ తర్వాత పెట్టినవే. మెట్లూ దీపాలూ ఉన్న దారిలోనే అలా జరిగిందంటే, అవేవీ లేని లోయలో అనుమతి లేకుండా అడుగుపెట్టడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు.

దారి తెరుచుకునేది తీర్థ ముక్కోటి రోజుల్లో, అంటే కొండ మీది పుణ్యతీర్థాలకు ఏటా వచ్చే పర్వదినాల్లో. పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, మాఘ పౌర్ణమికి కుమారధార తీర్థం, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం. నడవాలనుకునేవాళ్లు గమనించాల్సిన విషయం ఈ వరసలో ఒకటుంది. తిరుమల డ్యాములను నింపడంలో ఈశాన్య రుతుపవనాల పాత్ర పెద్దది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు వస్తే వాగులు ఉరకలేస్తాయి. 2021 నవంబరు వానకు శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి, మళ్లీ తెరవడానికి 2022 మే దాకా పట్టింది. ముక్కోటులు ఆ వరద తగ్గాక, లోయల్లో ఎండలు ముదరకముందు వస్తాయి. డ్యాములో నీళ్లుంటాయి, వాగు దాటడానికి వీలుంటుంది. పెద్దలు ఈ తిథుల్ని ఎందుకు ఎంచుకున్నారో నేను చెప్పలేను గానీ, నడిచేవాడికి ఇంతకన్నా మంచి రోజులు దొరకవు.

బడంగ్‌పేట్ నుంచి సొంత కారు అవసరం లేదు. కాచిగూడ స్టేషను చేరితే రాత్రి వేంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఉంది, లేదంటే ఎంజీబీఎస్ బస్టాండులో తిరుపతి బస్సు. తిరుపతి నుంచి పైకి ఆర్టీసీ బస్సులే, 2022 సెప్టెంబరు నుంచి వాటిలో ఎలక్ట్రిక్ బస్సులూ చేరాయి. మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది, రెండోది 1974లో. బస్సు ఘాట్ మీద ఉన్నప్పుడు కిటికీ పక్క సీటు దొరికితే రోడ్డు పక్క రాతిని చూడండి. కింద 240 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా 160 కోట్ల ఏళ్ల నాటి క్వార్ట్‌జైటు. మధ్యలో 80 కోట్ల ఏళ్ల చరిత్ర రాతిలో నమోదు కాలేదు. ఆ పై రాయి పగుళ్లలోకి ఇంకిన వానే తీర్థాలై ఊరుతుంది.

ముక్కోటి రోజున సొంత వాహనాలను పాపవినాశనం దాకా వదలరు. గోగర్భం దగ్గర ఆపి, అక్కణ్నుంచి ఆర్టీసీ బస్సుల్లో తీసుకెళతారు. అందుకని కారులో వచ్చినవాళ్లూ బస్సులో వచ్చినవాళ్లూ చివరికి ఒకే క్యూలో కలుస్తారు. డ్యాము దగ్గర పొంగలి, ఉప్మా, సాంబారన్నం, పెరుగన్నం పొట్లాలు పంచుతూ శ్రీవారి సేవకులుంటారు. గుండె జబ్బు, ఆయాసం, స్థూలకాయం ఉన్నవాళ్లు రావొద్దని ముందే చెబుతారు. ఆ మాట వినాలి. లోయలోంచి మనిషిని మోసుకు రావడం తప్ప వేరే దారి లేదు.

తుంబురు తీర్థం శ్రీవారి ఆలయానికి ఏడున్నర మైళ్లు, అంటే 12 కిలోమీటర్లు. బస్సు అందులో సుమారు 5 కిలోమీటర్లు తగ్గిస్తుంది. మిగిలిన 7 కిలోమీటర్లూ కాళ్లదే. మొదట చెట్ల నీడన మట్టిబాట, తర్వాత వాగులో గుండ్రాళ్లు. ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదికి అడుగు కొలుచుకుంటూ పోవాలి. నీళ్లు తగిలిన రాయి మీద పాచి ఉంటుంది, పొడిగా తెల్లగా ఉన్న దాని మీదే కాలు వెయ్యాలి. చివర్లో రెండు నిట్టనిలువు రాతిగోడలు దగ్గరికొచ్చి ఆకాశం సన్నటి చీలిక అయిపోతుంది. ఆ సందులోనే తీర్థం.

1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక సూత్రం చెప్పాడు: గంటకు 5 కిలోమీటర్ల నడక, ఎక్కే ప్రతి 600 మీటర్లకూ ఇంకో గంట. అలిపిరి మెట్లకు ఇది చక్కగా పనిచేస్తుంది. 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు, దాదాపు 690 మీటర్ల ఎక్కుడు. సూత్రం చెప్పేది 3 గంటలు, ఆరోగ్యంగా ఉన్న మనిషికి పట్టేదీ అటూఇటుగా అంతే. తుంబురు దారికి మాత్రం ఈ సూత్రాన్ని నమ్ముకోకూడదు. గుండ్రాళ్ల మీద, జనం వరసలో గంటకు 2 కిలోమీటర్లు నడిస్తే గొప్ప. పోవడానికి మూడున్నర గంటలు, రావడానికి మూడున్నర. గంటకు అర లీటరు చొప్పున తాగాలంటే మూడున్నర లీటర్లు మోయాలి. తిరుమలలో ప్లాస్టిక్ సీసాలు నిషేధం, కాబట్టి స్టీలువో రాగివో రెండు మూడు సీసాలు ఇంటి నుంచే తెచ్చుకోవాలి.

తేదీ కోసం ఇంట్లో క్యాలెండరు మీద ఆధారపడొద్దు. తుంబురు ముక్కోటికి సూర్యుడు మీనరాశిలో ఉండాలి గనక, మన పంచాంగం ఫాల్గుణ పౌర్ణమికీ ఆ రోజుకీ కొన్నేళ్లు నెల తేడా వస్తుంది. టీటీడీ ప్రకటన వచ్చాకే టికెట్లు తీసుకోవాలి. ఉదయం 6 గంటలకు డ్యాము దగ్గర కదిలితే 9.30కి తీర్థం. అక్కడ గంట గడిపి 10.30కి వెనుదిరిగితే 2 గంటలకు మళ్లీ డ్యాము. ఆలస్యాలకు ఇంకో గంట వదిలినా 3కి బస్సెక్కొచ్చు, పొద్దుండగానే తిరుపతి దిగొచ్చు. ఉదయం 9 దాటాక పాపవినాశనం చేరినవాళ్లు ఆ రోజుకు తుంబురు ఆలోచన మానుకుని, ఆకాశగంగ దాకా నడిచి రావడం మేలు.