పేరు గుత్తిది, నివాసం నల్లమలది!

అనంతపురం జిల్లాలోని గుత్తి అనగానే మనకు కొండమీది కోట, రైల్వే జంక్షను గుర్తుకు వస్తాయి. కాని సాలీళ్లను పరిశోధించే శాస్త్రజ్ఞులకు ఆ ఊరి పేరు ఒక సాలీడు వల్ల తెలుసు. కాళ్లు చాపితే అరచేతిని మించిపోయే ఆ సాలీడు నీలిరంగులో లోహంలా మెరుస్తుంది. దాని శాస్త్రీయ నామం పీసిలోథీరియా మెటాలికా. ఒక జీవికి పేరు పెట్టడం, దానిని సరైన వర్గంలో చేర్చడం ఎంత జాగ్రత్తతో చేయవలసిన పనో దీని కథ మనకు చెబుతుంది.

మూల నమూనా

గుత్తి రైల్వే కలప యార్డులో ఇటువంటి సాలీడు ఒకటి దొరికింది. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో పనిచేస్తుండిన రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ ఆ ఒక్క నమూనాను పరిశీలించి, 1899లో దానిని కొత్త జాతిగా వర్ణించాడు. ఇలా కొత్త జాతిని వర్ణించడానికి ఆధారమైన నమూనాను 'మూల నమూనా' అంటారు. మున్ముందు ఎవరికి సందేహం వచ్చినా దానితో పోల్చి చూసుకోవలసిందే. అందుకే దానిని భద్రపరుస్తారు. అది ఎక్కడ దొరికిందో కూడా చీటీ మీద రాస్తారు.

ఏ వర్గానికి చెందింది?

సాలీడును చాలామంది పురుగు అంటారు. కాని అది కీటకం కాదు. కీటకాలకు ఆరు కాళ్లు, సాలీళ్లకు ఎనిమిది. కీటకాల శరీరంలో తల, వక్షం, ఉదరం అని మూడు భాగాలుంటాయి. సాలీళ్లలో తల, వక్షం కలిసిపోయి శిరోవక్షంగా ఏర్పడతాయి. కీటకాలకుండే స్పర్శశృంగాలు సాలీళ్లకు లేవు. ఇక గుత్తి సాలీడు స్థానం ఇది:

వర్గం: ఆర్థ్రోపొడా
విభాగం: ఎరాక్నిడా
క్రమం: ఎరేనియే
కుటుంబం: థెరఫోసిడే
ప్రజాతి: పీసిలోథీరియా
జాతి: పీసిలోథీరియా మెటాలికా

ప్రపంచంలో ఇంతవరకు 50,000కు పైగా సాలీడు జాతులను గుర్తించారు. అన్నిటికీ ఎనిమిది కాళ్లే కదా, మరి కుటుంబాలుగా ఎలా విడదీస్తారు? కోరలను చూడండి. మన ఇంటి మూలల్లో గూళ్లు కట్టే సాలీడు కోరలు పటకారులాగా ఎదురెదురుగా కదులుతాయి. థెరఫోసిడే కుటుంబంలోని సాలీళ్ల కోరలు పక్కపక్కనే ఉండి, పలుగులాగా పైనుంచి కిందికి దిగుతాయి. పైగా వీటికి పుస్తకాకార ఊపిరితిత్తులు రెండు జతలుంటాయి. ఇంట్లో తిరిగే సాలీళ్లలో చాలావాటికి ఒక జతే ఉంటుంది.

ఈ కుటుంబపు సాలీళ్లను వాడుకలో టరాంటులాలు అంటారు. నిజానికి ఆ పేరు ఇటలీలోని టరాంటో పట్టణం చుట్టుపక్కల ఉండే వేరొక కుటుంబపు సాలీడుది. తరువాతి కాలంలో పెద్ద పెద్ద రోమాల సాలీళ్లన్నిటికీ అదే పేరు అంటుకుంది. వాడుక పేర్లతో వచ్చే చిక్కు ఇదే. శాస్త్రీయ నామం అయితే ఏ దేశంలోనైనా ఒకే జీవిని సూచిస్తుంది.

పీసిలోథీరియా అనే ప్రజాతిని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు యూజీన్ సిమోన్ 1885లో ఏర్పరచాడు. గ్రీకు భాషలో ఆ మాటకు 'రంగురంగుల మచ్చల మృగం' అని అర్థం. ఈ ప్రజాతి జాతులు భారతదేశంలోనూ, శ్రీలంకలోనూ మాత్రమే ఉన్నాయి. ఇవి నేలమీద కాక చెట్ల మీద బతుకుతాయి. వీటిలో చాలా జాతులు పైనుంచి చూస్తే చెట్టు బెరడు రంగులో ఒకేలా కనిపిస్తాయి. తేడాలు కాళ్ల అడుగుభాగాన ఉండే పసుపు, నలుపు పట్టీలలో ఉంటాయి. అందువల్ల జాతిని గుర్తించడానికి సాలీడును వెల్లకిలా తిప్పి చూడాలి. వాటిలో లోహపు నీలివన్నె గల ఈ జాతికి పోకాక్ మెటాలికా అని పేరు పెట్టాడు. ఆ నీలం రంగు పూత కాదు. రోమాలలోని అతిసూక్ష్మ నిర్మాణాలు కాంతిలోని నీలి కిరణాలను ప్రతిఫలింపజేయడం వల్ల అలా కనిపిస్తుంది.

నూటరెండు సంవత్సరాల అన్వేషణ

1899 తరువాత ఈ సాలీడు మళ్లీ శాస్త్రజ్ఞుల కంట పడలేదు. పేరు ఉంది, వర్ణన ఉంది, నమూనా ఉంది. జీవి మాత్రం లేదు! ఎందుకని?

చీటీ మీద ఉన్న ఊరు గుత్తి. కాని గుత్తి చుట్టూ ఉన్నవి రాతి గుట్టలు, మెట్ట పొలాలు. ఇది పెద్ద చెట్ల తొర్రల్లో దాక్కునే జీవి. చివరికి 2001లో నంద్యాలకు, గిద్దలూరుకు మధ్య ఉన్న నల్లమల అడవిలో ఇది దొరికింది. గుత్తికి ఆ చోటు నూరు కిలోమీటర్లకు పైగా దూరం. ఎక్కడో కొట్టిన చెట్టు తొర్రలో దాగిన సాలీడు, ఆ దుంగతోపాటు రైలెక్కి గుత్తి యార్డులో దిగి ఉంటుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. చీటీ అబద్ధం చెప్పలేదు. దొరికిన చోటు చెప్పింది, బతికే చోటు చెప్పలేకపోయింది.

బతికే చోటు తెలిశాకనే దాని అపాయం కూడా తెలిసింది. దాని నివాసం 100 చదరపు కిలోమీటర్లకన్న తక్కువ. కలపకూ, వంటచెరకుకూ చెట్లు నరికే కొద్దీ తొర్రలు తగ్గిపోతాయి. దాని అందం కూడా దానికి శత్రువే. విదేశాలలో దీనిని పెంపుడు జీవిగా కొంటారు. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీనిని అంతరించిపోయే ప్రమాదం అత్యధికంగా ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. 2019లో ఈ ప్రజాతి మొత్తాన్ని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందమైన సైట్స్ కిందికి తెచ్చారు.

ఇటువంటి సాలీడు ఎప్పుడైనా కనిపిస్తే ముట్టుకోకండి. అది కుడితే తీవ్రమైన నొప్పి కలుగుతుంది, కండరాలు పట్టేస్తాయి. చంపనూ వద్దు, అది మన జోలికి రాదు.

ఇకమీదట మీరు సైన్సు ప్రదర్శన కోసం ఆకునో, గవ్వనో, రాలిన ఈకనో సేకరిస్తే చీటీ మీద పేరుతో ఊరుకోకండి. తేదీ, ఊరు, అది నేలమీద దొరికిందా, చెట్టుమీదా, కట్టెల మోపులోనా అన్నది కూడా రాయండి. 'కలప యార్డు' అన్న ఆ చిన్న వివరమే గుత్తి సాలీడు అడవినుంచి వచ్చిన జీవి అని మనకు చెప్పింది.