స్వభావమునకు తగిన మార్కరు

న్యూయార్కులో షేర్ల వ్యాపారము చేయుచుండిన హేస్ నోయెల్ అను నగరవాసికిని, చార్లెస్ గెయిన్స్ అను రచయితకును మధ్య, అరణ్యమున చిక్కువడిన మనుష్యుని పట్టణపు చురుకుదనము కాపాడునా, అడవితోడి పరిచయము కాపాడునా అను వాదము పుట్టి, అది మాటలతో తేలునది కాదని తోచగా, 1981వ సంవత్సరము జూన్ 27వ తేదీన అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రమున, హెన్నికర్ అను ఊరి చెంత 12 మంది కూడి, అటవీసిబ్బంది చెట్లకును పశుపాలకులు పశువులకును దూరమునుండి రంగుగుర్తు వేయుటకు వాడు నెల్‌స్పాట్ 007 అను సాధనములను చేతబట్టి, ఒకరి కంటబడకుండ ఒకరు సంచరించుచు జెండాలు సేకరించు పందెమాడిరి. పెయింట్‌బాల్ క్రీడ పుట్టుక ఇదియే. గెలిచినవాడు రిచీ వైట్ అను అటవీనిపుణుడు. అతడు ఒక్క గుండైనను పేల్చకయే తనకు వలసిన జెండాలన్నియు కూర్చుకొనెను.

కావున మార్కరు, అనగా రంగుగుండ్లు పేల్చు ఇట్టి సాధనము, కొనదలచినవారు, ఏది ఉత్తమమని అడుగుటకు మారుగా, తామెట్టి ఆటగాండ్రమని తమ్ము తామే ప్రశ్నించుకొనుట యుక్తము. ఏలయన, వెల ఎంతయైనను, సాధారణముగా వాడబడు గుండు 0.68 అంగుళపు వ్యాసముగల జెలాటిన్ గోళమే. ఆటస్థలములలో దాని వేగము సెకనుకు 300 అడుగులు మించకుండ కొలిచి సవరింతురు గనుక, ఖరీదైన మార్కరు గుండును మరింత దూరము పంపునను నమ్మకము నిరాధారము. భేదమంతయు అది చేతిలో మెలగు తీరునందే కలదు.

ఓర్పుగలవానికి పంపు మార్కరును మించినది లేదని నా దృఢాభిప్రాయము. గొట్టము క్రిందనున్న పిడిని వెనుకకు లాగి ముందునకు నెట్టినగాని మరొక గుండు సిద్ధము కాదు. ఆ క్షణకాలపు జాప్యమే ఆటగానికి గురువై, వ్యర్థముగా పేల్చుట మాన్పించి, పొదమాటున వేచియుండుటయు, ప్రత్యర్థి అడుగుల చప్పుడు ఆలకించుటయు, అతడు చేరువకు వచ్చువరకు చేతిని నిగ్రహించుకొనుటయు నేర్పును. ఏకాంతప్రియులును, గుండ్లపై ధనవ్యయమును సహింపనివారును దీనితో ఎంతయో సుఖపడుదురు.

యంత్రమును శుభ్రపరచు శ్రద్ధ లేక, మిత్రులతో ఎప్పుడో ఒకమారు సరదాగా ఆడువారికి టిప్‌మన్ 98 కస్టమ్ వంటి మార్కరు చాలును. బరువెక్కువయే గాని మొండిది; బ్యాటరీతో పనిలేదు.

బ్యాటరీతో నడచు ఎలక్ట్రానిక్ మార్కరు విషయమున మాత్రము నిలిచి ఆలోచింపవలయును. మీటను వ్రేలితో తాకినంతనే పేలుచు, సెకనుకు అనేక గుండ్లు వెలువరించు దీనిని చూచి ఉద్రేకశీలురు మోహపడుదురు. కాని గుండు తన స్థానమున కుదురుకొన్నదో లేదో కనిపెట్టు సున్నితమైన కాంతిసాధనములును, వాయువును వెలికి పోనీయని రబ్బరు వలయములును గల ఈ యంత్రము, ఆట ముగిసిన పిదప విప్పి, తుడిచి, గ్రీజు పూయు నియమము గలవానినే కోరును. వేగము మాత్రమే కలిగి నియమము లేనివారు దీని జోలికి పోరాదు. గుండును నెట్టుటకు వాడు బొగ్గుపులుసు వాయువు పీడనము చలికి మారుచుండును గనుక, దీనికి స్థిరముగా నడచు సంపీడిత గాలినే వాడుట మేలు.

పాఠకులకు నా మనవి యిది. హైదరాబాదు వంటి నగరములలో మార్కరులను అద్దెకిచ్చి ఆడించు స్థలములు కలవు. ముందు అచ్చట ఆడి, ఆట ముగిసినపుడు ఎన్ని గుండ్లు మిగిలినవో చూచుకొని, పిదప నిర్ణయించుకొనుడు. ఏ మార్కరు కొనినను, దానికి ముందు కన్నులను, ముఖమును, చెవులను కప్పు మంచి మాస్కును స్వంతముగా కొనుడు. ఆటస్థలమున ఉన్నంతసేపు దానిని తీయకుడు.